బావిలో దయ్యం... పక్కన మా అవ్వ!

మీరంతా సినిమా ప్రియులు కనక ముందుగా మీకో ప్రశ్న. జానపద చిత్రాల్లో హీరో రాజకుమారి కోసం గుర్రమెక్కి దౌడు తీస్తూ ఉంటాడు. దారిలో ఎవరో ముసలమ్మ, "నాయనా, ఈ కట్టెలమోపు కాస్త తలకెత్తు" అంటుంది. హీరో గుర్రం దిగి ఎత్తుతాడు. రాజకుమారికీ కట్టెలమోపుకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు! అయినా ఆ మోపు ఎత్తకుండా పోయిన హీరోని మీరెప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. ఇలాంటివాటికి మన పెద్దలు పిట్టకథలని పేరు పెట్టారు. కంప్యూటరు ఆటలవాళ్ళు 'సైడ్ క్వెస్ట్' అంటారు. అసలు కథ ఒక దారిన పోతూ ఉండగా పక్కదారిలో ఎదురయ్యే చిన్న పని అన్నమాట. చేస్తే చెయ్యొచ్చు, మానేస్తే అడిగేవాడు లేడు.

మొన్న మే నెలలో నేనలాంటి పిట్టకథ ఒకటి పూర్తిచేశాను. "ఓస్, ఇంతేనా! మేము రోజుకి పది పూర్తిచేస్తాం" అని నవ్వకండి. మౌసు పట్టుకున్నది నేనే గానీ, ఆడించింది మా అవ్వ. ఆవిడకి డెబ్బై అయిదేళ్ళు. అక్కడే కథ అడ్డం తిరిగింది!

* * *

మాది అనంతపురం. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని మా దగ్గరికి ఉత్త చేతులతో వస్తాయి. ఈశాన్య మేఘాలకి మా దాకా వచ్చే ఓపిక ఉండదు. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్ జైసల్మేరు తర్వాత మాదేనని మావాళ్ళు కాస్త గర్వంగానే చెప్పుకుంటుంటారు! శెనక్కాయ విత్తనం వేసి ఆకాశం వైపు చూడడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంత ఎండలోంచే సినిమాకి ఒక మహానుభావుడు వచ్చాడు. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డిగారు 1912లో పుట్టింది మా తాడిపత్రిలోనే. ఈ మాట మా అవ్వ ముందు అనండి, సొంత అన్న పేరు విన్నట్టు మురిసిపోతుంది. కానీ ఒక విచిత్రం. టీవీలో 'మాయాబజార్' వస్తే కదలని మనిషి, 'పాతాళభైరవి' వస్తే మాత్రం లేచి వంటింట్లోకి పోయేది. ఎందుకో ఇంట్లో ఎవరం ఎప్పుడూ అడగలేదు.

అవ్వకి ఇంకో అలవాటుంది. నేను బెంగుళూరు నుంచి ఎప్పుడొచ్చినా, "ఒకసారి మా ఊరికి తీసకపోరా నాయనా" అంటుంది. అవ్వ పుట్టిల్లు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. బస్సెక్కి, దిగి, ఆటో ఎక్కితే రెండు గంటల ప్రయాణం. "ఈసారి పోదామవ్వా" అనేవాణ్ణి. ఒకసారి పరీక్షలు, ఒకసారి ఇంటర్వ్యూలు, ఇంకోసారి ఉద్యోగంలో కొత్త. అలా మూడేళ్ళు గడిచాయి. అక్కడ అవ్వకి పొలమూ లేదు, ఇల్లూ లేదు. ఏముందని పోవాలి? అది కూడా నేను అడగలేదు.

* * *

ఇక ఆట సంగతి. దాని పేరు 'ది విచ్చర్ 3: వైల్డ్ హంట్'. 2015 మే నెలలో విడుదలైంది. తీసినవాళ్ళు పోలండు దేశం వాళ్ళు, సీడీ ప్రాజెక్ట్ రెడ్ కంపెనీ. కథలకి మూలం ఆండ్రెజ్ సాప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత. 2023 నాటికి అయిదు కోట్ల కాపీలు పైగా అమ్ముడుపోయాయని కంపెనీ ప్రకటించింది. మన భాషలో చెప్పాలంటే సూపర్ హిట్టు!

ఎస్.పి. రోడ్డులో పాత సరుకు కింద కొన్న కంప్యూటరు సెలవులకి వెంట తెచ్చుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు, బయట నిప్పులు కురుస్తున్నాయి. కూలరు ఉన్న గది అదొక్కటే కావడంతో అవ్వ కూడా వచ్చి నా వెనక మంచం మీద నడుం వాల్చింది. పావుగంట తర్వాత చూస్తే లేచి కూర్చుని ఉంది.

"ఏందిరా అది? సినిమానా?"

"ఆట అవ్వా."

"ఆటైతే వాళ్ళు మాట్లాడుకుంటాండారు గదా. ఆ తెల్ల జుట్టాయప్ప ఎవరు?"

"గెరాల్ట్ అని, ఆయనే హీరో."

"ముసలోడా హీరో?" అని అవ్వ నిరాశపడింది. ముసలితనం వల్ల కాదనీ, చిన్నప్పుడు మందులు తాగించి రాక్షసుల్ని వేటాడే మనిషిగా తయారుచేశారనీ, ఆ దెబ్బకి జుట్టు నెరిసిందనీ సర్దిచెప్పాను. వీపున రెండు కత్తులు. ఉక్కుది మనుషులకి, వెండిది దయ్యాలకి. ఈ వెండికత్తి మాటతో అవ్వ కాస్త మెత్తబడింది.

"ఎవురి కోసం తిరుగుతాండాడు?"

"పెంపుడు కూతురి కోసం. పేరు సిరి."

"సిరి! మన పేరే గదరా!" అంటూ అవ్వ మంచం దిగి నా పక్కన కుర్చీలోకి మారిపోయింది. ఇక చూడండి నా అవస్థ! వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడే ప్రతి మాటా నేను తెలుగు చెయ్యాలి. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళు ఉండేవారట. వాళ్ళకెంత జీతమిచ్చేవారో గానీ నాకు ముట్టింది రెండు ఓళిగలు!

ఆటలో మొదట వచ్చే ప్రాంతం వైట్ ఆర్చర్డ్. అసలు కథ ముందుకి సాగాలంటే అక్కడ గ్రిఫిన్ అనే జంతువుని చంపాలి. సింహం ఒళ్ళు, గద్ద తల, రెక్కలు. నేను దానికోసం తయారవుతున్నాను. ఊళ్ళో ప్రకటనలు అంటించే చెక్క ఒకటి ఉంటే మాటవరసకి చదివాను. ఓడొలాన్ అనే ఒక సంసారి రాయించిన కాగితం. వెళ్ళి మాట్లాడితే సంగతి తెలిసింది. అతని కూతురికి జబ్బు. మంచినీళ్ళు కావాలి. ఆ నీళ్ళేమో పాడుబడ్డ పల్లెలో ఒక బావిలో ఉన్నాయి. బావి దగ్గర దయ్యం ఉంది.

"తర్వాత చేద్దాంలే, ఇది పక్కపని" అని గుర్రాన్ని తిప్పాను.

"ఏయ్, ఆగు!" అంది అవ్వ. "ఆ గద్ద యాడికి పోతుంది? ఈయప్ప బిడ్డకు నీళ్ళు లేవంటాండాడు. ముందు బాయి చూడు."

ఈ ఆటలో పని ఒప్పుకునేముందు కూలి బేరమాడొచ్చు. నేను అలవాటుగా నాలుగు నాణేలు పెంచబోయాను. అవ్వ నా చెయ్యి మీద ఒక్కటేసింది. "బిడ్డకు బాగలేదంటే బేరమా!" బేరం మానుకున్నాను.

* * *

పాడుపల్లె చేరాం. ఎండ ఫెళ్ళుమంటోంది. బావి చుట్టూ తెల్లబట్టల్లో ఒక ఆకారం తిరుగుతోంది. మాడిపోయిన ఒళ్ళు, వేలాడే నాలుక. దీన్ని 'నూన్‌రెయిత్' అంటారు, మిట్టమధ్యాహ్నపు దయ్యం. పోలండు వాళ్ళ జానపద కథల్లో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పొలాల్లో తిరిగే ఆడదయ్యం ఒకటుంది, దాన్నుంచి పుట్టించారు. మనకీ అంతేగా! మిట్టమధ్యాహ్నం ఒంటరిగా చింతచెట్టు కిందికి పోవద్దని చెప్పని అవ్వలెవరు? ఎక్కడి పోలండు, ఎక్కడి అనంతపురం... దయ్యాల వేళ మాత్రం ఒక్కటే!

నేను నేరుగా కత్తి దూసి మీదపడ్డాను. దెబ్బ తగిలితేగా! గాలిని నరికినట్టుంది. రెండు నిమిషాల్లో చచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చచ్చాను.

ఈ పిట్టకథలోని కిటుకు అదే. కత్తి ముందు పనికిరాదు. ఆ దయ్యం బతికున్నప్పుడు ఎవరో, ఎలా చచ్చిపోయిందో ముందు తెలుసుకోవాలి. పాడుబడ్డ ఇళ్ళలో వెతకాలి. అక్కడ దొరికే పాత డైరీ చదవాలి. అప్పుడు తెలుస్తుంది, ఆవిడ పేరు క్లేయర్ అనీ, ఆవిణ్ణి ఘోరంగా చంపి బావిలో వేలాడదీశారనీ. ఆవిడ కడియం ఇంకా బావి అడుగున ఉంది. దాన్ని తెచ్చి, మిగిలిన అస్థికలతో కలిపి దహనం చేస్తేనే ఆ దయ్యం మనకి చిక్కుతుంది.

గెరాల్ట్ బావిలోకి దూకాడు. ఎంత లోతు! ఎన్ని నీళ్ళు! మునిగి ఈదుకుంటూ అడుగుదాకా పోయాడు.

"అబ్బా... ఎన్ని నీళ్ళురా ఆ బాయిలో!" అంది అవ్వ గుండెమీద చెయ్యేసుకుని. "దయ్యముంటే ఉండనీ, నీళ్ళుండాయి గదరా!"

అనంతపురం జిల్లా మనిషి తప్ప ఇంకెవరైనా ఈ డైలాగు చెప్పగలరా, మీరే చెప్పండి!

కడియం దొరికింది. దహనం అయింది. దయ్యం కేక పెడుతూ వచ్చింది. నేల మీద మంత్రవలయం గీస్తే అందులో అడుగుపెట్టినంతసేపూ దానికి ఒళ్ళొస్తుంది, అప్పుడు కొట్టాలి. సగం చచ్చాక అది ఒకటి మూడైంది! నా చుట్టూ మూడు బొమ్మలు తిరుగుతూ నా ప్రాణాన్ని పీలుస్తున్నాయి. 'దాన వీర శూర కర్ణ'లో రామారావుగారి మూడు పాత్రలు చూసి ఈలలేసిన జాతి మనది గానీ, ఇక్కడ మాత్రం ఆ త్రిపాత్రాభినయానికి నాకు చెమటలు పట్టాయి. మరో రెండుసార్లు చచ్చి, అయిదోసారి గెలిచాను.

ఓడొలాన్ డబ్బు ఇవ్వబోయాడు. అవ్వ నా వైపు చూసిన చూపుకి, వద్దన్నాను. తెరమీద పని పూర్తయిందని అక్షరాలు పడ్డాయి, డోలు మోగింది. నేను విజయగర్వంతో వెనక్కి తిరిగాను.

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

* * *

"ఆయప్ప అడిగినాడు గదరా" అంది చాలాసేపటికి. "ఆ బిడ్డ ఎవురు, ఎట్ల పోయిందని... ముందు అడిగినాడు. మా ఊర్లో ఎవురూ అడగలేదు."

అప్పుడు చెప్పింది అవ్వ. ఇంట్లో మా అమ్మకి కూడా తెలియని కథ.

1966 కరువు. అవ్వకి పదహారేళ్ళు. ఊరికంతటికీ ఒకటే దిగుడుబావి. అడుగున చెలమలాగా కాసిని నీళ్ళు. పగలంతా తోడేసరికి అయిపోయేవి, రాత్రిపూట మళ్ళీ ఊట పేరుకునేది. ఆడవాళ్ళు వంతులేసుకుని రాత్రిళ్ళు బావి గట్టున కాచుకునేవాళ్ళు. మెట్లు దిగి, టెంకాయ చిప్పతో ఎత్తి బిందెలో పోసుకుని, మళ్ళీ ఎక్కాలి. అవ్వా, అవ్వ జతగత్తే కలిసి పోయేవాళ్ళు. ఒకరు దిగితే ఒకరు పైన లాంతరు పట్టుకోవాలి.

ఆ రోజుల్లో పక్క ఊరికి టూరింగ్ టాకీసు వచ్చింది. డేరా హాలు. సినిమా 'పాతాళభైరవి'. అప్పటికి వచ్చి పదిహేనేళ్ళయినా ఆ పల్లెలకి కొత్తే. అవ్వ వాళ్ళ అన్న బండి కడుతున్నాడు. కానీ ఆ రాత్రి నీళ్ళ వంతు వీళ్ళిద్దరిదీ.

"నువ్వు పోయిరా" అందట ఆ జతగత్తె. "మీ బిందె కూడా నేనే నింపుతా. రేపు నాకు కత మొత్తం చెప్పాల. ఒక్క సీను గూడా ఇడిసిపెట్టగూడదు."

అవ్వ పోయింది. నేల టికెట్టులో కూర్చుని రామారావునీ రంగారావునీ నోరు తెరుచుకుని చూసింది. దారి పొడుగునా సీన్లన్నీ వరసగా నెమరేసుకుంటూ తెల్లవారుజామున ఊరు చేరింది. బావి దగ్గర జనం.

"మొదటి బిందె గట్టుమీద నిండుగా ఉండాది. రెండోది మాది. దాంతోనే జారింది" అంది అవ్వ.

ఆ తర్వాత ఊళ్ళో పుకారు లేచింది. మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల బావిలోంచి పిలుస్తోందని. మరుసటేడు వానలు పడి బావిలోకి నీళ్ళొచ్చినా తాగేవాళ్ళు లేకపోయారు. ఇంకో బావి తవ్వుకున్నారు. అవ్వకి పెళ్ళయి అనంతపురం వచ్చేసింది.

"పిలుస్తుందంట! ఆ యమ్మి ఎవుర్నీ పిలిచే రకం కాదురా. బిడియం మనిషి. నాకు మాత్రం బాకీ ఉండాది. కత చెప్తానని పోతిని గదా."

మిత్రులారా, నేనేం మాట్లాడగలను? మూడేళ్ళుగా అవ్వ నా చేతిలో పెట్టిన కాగితం ఇది. నేను చదవనైనా చదవకుండా గుర్రం తిప్పుకుని పోయాను.

* * *

మర్నాడే బయల్దేరాం. పొద్దున్నే కళ్యాణదుర్గం బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారికి రెండువైపులా దున్నిపెట్టిన ఎర్రనేలలు, గుట్టలమీద గాలిమరలు. ఇప్పుడా పల్లెలో ప్రతి వీధికీ కొళాయి ఉంది. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక మా జిల్లాలో కొన్ని వందల పల్లెలకి బిందెల బాధ తగ్గింది. బావితో ఎవరికీ పని లేదు. దాని చుట్టూ తుమ్మకంప అల్లుకుపోయింది. ఒక ఇంట్లో మచ్చుకత్తి అడిగి తెచ్చి దారి చేశాను. వెండికత్తి కాదు గానీ పని చేసింది!

లోపల నీళ్ళు లేవు. అడుగున ప్లాస్టిక్ కవర్లు, ఎండుటాకులు. మెట్లలో సగం కూలిపోయాయి. గోడ సందుల్లోంచి పావురాలు లేచిపోయాయి.

అవ్వ ఇంట్లోంచి తెచ్చిన మట్టిగాజులు, పసుపు, కుంకుమ గట్టుమీద పెట్టింది. ఒక చెంబెడు నీళ్ళు పోసింది. తర్వాత కొంగు నెత్తిమీద కప్పుకుని కూర్చుని, "ఉజ్జయినిలో తోట రాముడని ఒగ పిల్లోడుంటాడు..." అని మొదలుపెట్టింది.

అరవై ఏళ్ళనాటి కథ! ఒక్క సీను మరిచిపోలేదు. రాకుమారిని చూడ్డం, రాజు పెట్టిన షరతు, నేపాళ మాంత్రికుడు రావడం. రంగారావుగారి గొంతు అనుకరించబోయి తనే నవ్వింది. మేకలు కాసుకునే ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలు వచ్చి కంపకి ఇవతల కూర్చున్నారు. అవ్వ తమకే చెబుతోందనుకున్నారు కాబోలు. రాముడు గుండంలో స్నానానికి దిగితే మొసలి పట్టుకునే ఘట్టం మీకు తెలుసుగా? ఆలోచిస్తే అదీ పిట్టకథే. రాముడు మొసలిని చంపితే అది శాపం తీరి దేవకన్య అవుతుంది. మాంత్రికుడు నిన్ను బలి ఇవ్వబోతున్నాడని చెప్పి పోతుంది. ఆ పక్కపని చెయ్యకపోతే అసలు కథ అక్కడితో సమాప్తం!

"మొసలి కాలు పట్టుకునె..." దాకా వచ్చి అవ్వ ఆగిపోయింది. గొంతు పట్టేసింది. బావి వైపు చూస్తోంది.

"తర్వాత ఏమైంది అవ్వా?" అన్నాడు పిల్లల్లో చిన్నవాడు.

అవ్వ వాడివైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చివరిదాకా చెప్పింది.

ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. బయల్దేరేటప్పటికి నిజంగానే మిట్టమధ్యాహ్నం అయింది. ఎవరూ పిలవలేదు. తెరమీద అక్షరాలూ పడలేదు, డోలూ మోగలేదు.

నిజం చెప్పాలంటే, మోగడానికి నాకు అర్హత కూడా లేదు. తిరిగి వస్తూ మచ్చుకత్తి ఇచ్చేద్దామని ఆ ఇంటికి వెళ్ళాం. అవ్వ మాటల్లో పెట్టి జతగత్తె వాళ్ళ ఇంటి సంగతి అడిగింది. ఆ అమ్మాయికి ఒక చెల్లెలు ఉండేదట. పెళ్ళయినా ఊళ్ళోనే ఉండిపోయింది. అక్క గురించి ఎవరైనా రెండు మాటలు చెబితే వినాలని చివరిదాకా అడిగేదట. ఆవిడ రెండేళ్ళ కిందట పోయింది.

అవ్వ నన్నొక్క మాట అనలేదు. "సరేలే, ఎండెక్కువుంది, పదా" అంది. నేను మొదటిసారే తీసుకొచ్చి ఉంటే ఆవిడ ఉండేది. ఇద్దరు ముసలమ్మలు ఆ గట్టుమీద కూర్చునేవాళ్ళు.

ఆటల్లో పిట్టకథలు చాలావరకు మనకోసం కాచుకుని ఉంటాయి. వందగంటల తర్వాత తీరిగ్గా వెళ్ళినా ఓడొలాన్ అదే గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. ఇక్కడ కాచుకోరు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు "ఒకసారి తీసకపోరా" అంటూనే ఉంటారు. మీ అసలు కథ ఎంత గొప్పదైనా కావచ్చు, ఈ ఆదివారం ఆ పక్కపనేమిటో అడిగి చూడండి.

ఇల్లు చేరి, సాయంత్రం కూలరు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. వెనకనుంచి మంచం కిర్రుమంది. అవ్వ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏంరా, అట్ల కూసున్యావు? మన పని అయిపాయ గదా" అంది. "ఇంక ఆ సిరిని ఎతుకు పో."